కాలవ చివరి కరువు

2023 ఆగస్టు నెలాఖరులో బాపట్ల దగ్గర ఒక పిల్ల కాలవ గట్టు మీద రాత్రంతా కూర్చున్నాను. నాతో పాటు ఏడెనిమిది మంది రైతులు. కొందరు గోనె సంచులు పరుచుకుని నడుం వాల్చారు, ఒకరిద్దరు టార్చిలైటు పట్టుకుని గట్టు వెంట తిరుగుతున్నారు. "ఈ రాత్రికి తప్పకుండా వస్తాయండీ, లస్కరు గట్టిగా చెప్పాడు" అన్నాడు ఒక పెద్దాయన. తెల్లవారుజామున వచ్చాయి. ముందు ఎండు గడ్డి పరకలు, మురికి నురగ, వాటి వెనకాల జానెడు లోతు నీళ్లు. కాలవ అడుగంతా నెర్రెలు విచ్చి ఉంది. వచ్చిన నీరు వచ్చినట్టే ఆ నెర్రెల్లోకి దిగిపోయింది. కాలవ దాహం తీరేసరికే గంట పట్టింది. నీటిమట్టం తూము అంచుకు ఇంకా బెత్తెడు కింద ఉండగానే ఎగువన వంతు మారింది. తెల్లారేసరికి కాలవలో తడి మట్టి మిగిలింది.

దేశంలో 1901 తర్వాత అంత తక్కువ వాన పడ్డ ఆగస్టు అదే. అయినా తెనాలి, బాపట్ల, రేపల్లె పేర్లు చెప్పి కరువు అంటే నమ్మేవాళ్లు తక్కువ. ఊరి నడుమ మూడు కాలవలు పారే తెనాలిని ఆంధ్రా పారిస్ అని పిలుచుకున్నవాళ్లం. కానీ ఈ నేల చరిత్రంతా కరువు దగ్గరే మొదలైంది. ఆ కరువు పోలేదనీ, కాలవ మొదటి నుంచి చివరికి జరిగి అక్కడ కాపురం పెట్టిందనీ నా నమ్మకం.

నందన నామ సంవత్సరం, అంటే 1832-33. రెండేళ్లు వరసగా వానలు మొహం చాటేశాయి. అప్పటి లెక్కల ప్రకారం గుంటూరు ప్రాంతంలో ఉన్న అయిదు లక్షల మందిలో దాదాపు రెండు లక్షల మంది చనిపోయారు. నందన కరువన్నారు, డొక్కల కరువన్నారు. మద్రాసు వెళ్లే బాట పొడుగునా శవాలు పడి ఉన్నాయని ఆనాటి కాగితాల్లో ఉంది. పక్కనే కృష్ణ ఉంది. వానాకాలంలో గట్లు తెంచుకుని పారి సముద్రంలో కలిసే నది పక్కనే ఉండి కూడా జనం గుక్కెడు గంజికి చచ్చిపోయారు. నదికీ చేనుకూ మధ్య కాలవ లేకపోవడమే కారణం.

ఆ కాలవ కోసం ఇరవై ఏళ్లు పట్టింది. బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టవచ్చన్న మాట పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచే ఉంది. కరువు పోయాక పన్నులు పడిపోయి కుంఫిణీ ఖజానాకు దెబ్బ తగిలింది కాబట్టి ఆ మాటకు బలం వచ్చింది. ధవళేశ్వరంలో ఆర్థర్ కాటన్ గోదావరిని నిలబెట్టి చూపించాక ఇక వెనక్కి లాగేవాళ్లు లేకపోయారు. ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ నడుమ 1852లో మొదలైన కృష్ణా ఆనకట్టను కెప్టెన్ ఓర్ 1855 నాటికి పూర్తి చేయించాడు. సీతానగరం వైపు నుంచి పశ్చిమ కాలవ బయల్దేరి దుగ్గిరాల దగ్గర పాయలు పాయలుగా చీలింది. ఒక పాయ నిజాంపట్నం వైపు, ఇంకొకటి కొమ్మమూరు కాలవ పేరుతో అప్పికట్ల, బాపట్ల దిక్కుగా సాగి చీరాలకు అవతల పెదగంజాం దగ్గర ఉప్పు నీటి కాలవను కలుసుకుంది. కృష్ణ ఒడ్డునే నడిచే బ్యాంక్ కెనాల్ రేపల్లె పొలాలను తడిపింది.

ఈ కాలవలు చేలకే కాదు, పడవలకు కూడా తవ్వారు. లాకులు దింపి ఎక్కించి ధాన్యం పడవలు కొమ్మమూరు మీదుగా ఆ ఉప్పు నీటి కాలవలో, అంటే బకింగ్‌హామ్ కాలవలో, పడి మద్రాసు చేరేవి. చీరాల పక్క సముద్రపు ఒడ్డునున్న వాడరేవు పేరులోనే ఓడలున్నాయి. సముద్రం దారి వాడరేవుది, మంచినీటి దారి కొమ్మమూరుది. 1876-78 ధాత కరువులో మద్రాసు రాజధాని మాడిపోతుంటే బకింగ్‌హామ్ కాలవ పొడిగింపు కరువు పనుల్లో ఒకటయింది. డొక్కలెండిన కూలీలు తట్టలతో మోసిన మట్టి ఆ గట్లలో ఉంది.

నీళ్లు వచ్చాయి, నీళ్లతో పాటు లెక్కా వచ్చింది. 1865 నీటి తీరువా చట్టంతో సర్కారు కాలవ నీరు తగిలిన ప్రతి చేనుకూ వేరే సుంకం పడింది. వాన నీటికి పన్ను లేదు, కాలవ నీటికి ఉంది. కాబట్టి ఏ చేనుకు ఏ నీరు తగిలిందన్నది కరణం చేతిలోకి వెళ్లింది. నీటి రాజకీయం ఈ ప్రాంతంలో ఊరి స్థాయికి దిగింది అప్పుడే అనుకుంటాను. 1920ల చివర కృష్ణా, గోదావరి డెల్టాల్లో శిస్తును రూపాయికి మూడణాల చొప్పున, అంటే నూటికి 18.75 చొప్పున, పెంచబోతే రైతులు ఊరూరా సభలు పెట్టారు. ఆ పోరాటంలో ముందున్న ఎన్.జి.రంగా పొన్నూరు పక్క నిడుబ్రోలు మనిషి. అక్కడే 1934లో రైతు విద్యాలయం పెట్టాడు.

1952లో పాత ఆనకట్టకు గండి పడింది. వంద సంవత్సరాల వయసు రాకుండానే అది తెగిపోయాక, నది నీరు డెల్టాది అన్న ధీమా కూడా తెగింది. దాని పైన బ్యారేజి కట్టి 1957లో ప్రకాశం పంతులు పేరు పెట్టారు. డెబ్బై గేట్లున్నాయి గాని, మూడు టీఎంసీలకు మించి నిలవదు. పైనుంచి వచ్చినంత తీసుకోవాలి, మిగిలింది వదిలేయాలి. అప్పటికే పైన పనులు మొదలయ్యాయి. కృష్ణ నీటిని పెన్నకు మళ్లించి మద్రాసు దిక్కుకు తీసుకుపోయే కృష్ణా-పెన్నార్ పథకాన్ని ఆంధ్రులు గట్టిగా ఎదిరించారు. ముక్త్యాల రాజా కాలికి బలపం కట్టుకు తిరిగి నందికొండ ప్రాజెక్టును ముందుకు తెచ్చారు. అదే నాగార్జునసాగర్ అయింది, 1955 డిసెంబరు 10న నెహ్రూ దానికి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరా గాంధీ కాలవలకు నీరు వదిలారు. మా డెల్టా రైతులు ఆ రోజు సంబరపడ్డారు, పడాలి కూడా. కానీ ఆ రోజు నుంచి ఇక్కడి సార్వా పంట ఇంకొక జలాశయం మట్టాన్ని చూసి మొదలుపెట్టాల్సిన పంట అయింది.

బచావత్ ట్రిబ్యునల్ 1969లో కూర్చుని 1973లో తీర్పు చెప్పింది, 1976లో అది గెజిట్‌కెక్కింది. నాలుగేళ్లలో మూడేళ్లయినా తప్పక దొరికే నీరు 2,060 టీఎంసీలని లెక్కగట్టి, మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 ఇచ్చింది. 1960 సెప్టెంబరు నాటికి వాడుకలో ఉన్న నీటికి రక్షణ ఇచ్చింది. అందువల్ల కృష్ణా డెల్టాకు 181.2 టీఎంసీలు రాసిపెట్టినట్టయింది. పదమూడు లక్షల ఎకరాలకు ఆ నీరు, అంటే టీఎంసీకి ఏడు వేల ఎకరాలు. కాగితం మీద ఇది గట్టి హక్కు. కాకపోతే ఆ తీర్పు ఏడాదికి ఎన్ని టీఎంసీలో చెప్పింది, ఏ తేదీకో చెప్పలేదు. నారుమడికి జూన్‌లో కావాల్సిన నీరు అక్టోబరు వరదలో వచ్చినా ఏడాది లెక్క సరిపోతుంది. చేను మాత్రం సరిపెట్టుకోలేదు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. నీటి విషయంలో రాయలసీమకు ముందు అవకాశం ఇస్తామని 1937 శ్రీబాగ్ ఒడంబడికలో కోస్తా పెద్దలు ఒప్పుకున్నారు. పాలమూరు పక్కనుంచే కృష్ణ పోతున్నా అక్కడివాళ్లు తరతరాలుగా వలస పోయారు. వాళ్లు మా 181 వైపు వేలు చూపించి అడిగితే తప్పు పట్టలేను. శ్రీశైలంలో ఎంత మట్టం దాకా నీరు ఉంచాలన్న దాని మీద 1996లో 834 అడుగులని 69వ నంబరు జీవో వచ్చింది. 2004లో 854 అడుగులని 107వ నంబరు జీవో వచ్చింది. ఈ ఇరవై అడుగుల తేడా కోసం ఒకే రాష్ట్రంలోని మనుషులు రెండుగా చీలారు. శ్రీశైలం నుంచి సీమకు నీరు తీసుకెళ్లే పోతిరెడ్డిపాడును 11 వేల క్యూసెక్కుల నుంచి 44 వేలకు పెంచబోతే డెల్టా నాయకులు ప్రకాశం బ్యారేజి మీద ధర్నాకు దిగారు. పైన ఆలమట్టి ఎత్తు మీద సుప్రీంకోర్టులో వాదనలు నడిచాయి. 2014లో రాష్ట్రం రెండయ్యాక కృష్ణా బోర్డు వచ్చింది. ఆంధ్రకు 512, తెలంగాణకు 299 టీఎంసీలన్న తాత్కాలిక పంపకం వచ్చింది, ఆ తాత్కాలికం మీదే ఏళ్లకేళ్లు గడిచాయి.

సాగర్ దిగువన డెల్టాకంటూ ఒక చెరువు ఉండాలన్న కోరిక పాతది. పులిచింతలకు 2004లో శంకుస్థాపన జరిగితే 2013 డిసెంబరులో ప్రారంభమైంది, 45.77 టీఎంసీలు. 2021 ఆగస్టులో దాని గేటొకటి కొట్టుకుపోయింది. కష్టపడి నింపిన నీరు మూడు నాలుగు రోజుల్లో సముద్రం పాలయింది. 2015లో పట్టిసీమ వచ్చింది. పోలవరం కుడి కాలవలోకి ఇరవై నాలుగు పంపులతో గోదావరిని ఎత్తి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిపారు. ఆ తర్వాతి ఏడాది ఆ నీరే లేకపోతే పశ్చిమ డెల్టాలో చాలా ఊళ్లు బీడు పడేవి. పథకం మీద ఎవరికి ఏ అభ్యంతరం ఉన్నా ఆ మేలు నేను కళ్లారా చూశాను.

నీరు ఆలస్యమైతే పంట ఆలస్యమవుతుంది, అంతే కదా అనుకుంటారు బయటివాళ్లు. అంతే కాదు. మా వైపు ఎక్కువగా వేసేది సాంబ మసూరి, బాపట్లలోనే పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204. అది అయిదు నెలల పంట. జూన్ రెండో వారంలో నారు పోస్తే నవంబరు మొదట్లో కోతకు వస్తుంది. ఆగస్టు చివర నాట్లు పడితే డిసెంబరులో కోసిన పన చేలో ఉంటుంది. డిసెంబరంటే బంగాళాఖాతంలో వాయుగుండాల కాలం. 2023లో జరిగింది అదే. నవంబరు 30 తెల్లవారకముందే సాగర్ డ్యాం మీదికి ఆంధ్ర పోలీసులు వెళ్లి కుడి కాలవకు తాగునీరు వదిలారు. సగం డ్యాం మాది, సగం మీది అని రెండు రాష్ట్రాల పోలీసులు ముళ్ల కంచె వేసుకుని నిలబడ్డారు. సరిగ్గా అయిదు రోజులకు, డిసెంబరు 5న, మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆగస్టులో నీళ్లకోసం గట్టు మీద పడుకున్న మనుషులే డిసెంబరులో మోకాలి లోతు నీళ్లలో దిగి, మొలకెత్తిన పనలను గట్టుకు చేర్చారు. ఆ రైతుకు అది కరువా, తుపానా? పంట బీమా కాగితంలో రెండూ వేర్వేరు గళ్లలో ఉంటాయి.

ఎగువ రాష్ట్రాలూ ట్రిబ్యునళ్లూ అందరికీ తెలిసిన కథ. ఒకే కాలవ మీద ఎగువ ఊరికీ దిగువ ఊరికీ మధ్య నడిచే కథ పేపర్లలో తక్కువ కనిపిస్తుంది. కాలవ తల దగ్గర చేను గలవాడు తూము తలుపు ఎత్తి పెడతాడు. అరటి, పసుపు, కంద పెట్టిన చోట ఏడాది పొడుగునా నీరు కావాలి. చివరకు వచ్చేసరికి గేజీ మీద మిగిలేది అంగుళాలే. 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చినప్పుడు ఆశ పడ్డాం. ఎన్నికలు జరిగాయి, అధ్యక్షులు వచ్చారు. కొన్ని చోట్ల పూడిక తీసి నీటిని నిజంగా చివరి దాకా తెచ్చారు. చాలా చోట్ల అది పార్టీ మెట్టు అయింది. లస్కరు పోస్టులు ఖాళీ అవుతుంటే మళ్లీ నింపినవాళ్లు లేరు. ఒక లస్కరు ఎన్ని మైళ్ల గట్టు నడుస్తాడు? 2008లో డెల్టా ఆధునికీకరణ మొదలైంది. పని చేయాలంటే కాలవ కట్టేయాలి, కట్టేస్తే మినుము, జొన్న, మంచినీటి చెరువులు ఎట్లా అని అడుగుతారు. ఆ అడగడంలో న్యాయం ఉంది. ఏప్రిల్, మే రెండు నెలల్లో అయినంత పని అయింది, లైనింగు సగంలో నిలిచిన కాలవలు చాలా ఉన్నాయి.

చివరి రైతు ఊరుకోడు. ఆయిల్ ఇంజను మురుగు కాలవ గట్టున దింపి, ఎగువ చేలు వదిలిన నీటినే తోడుకుంటాడు. నల్లమడ, రొంపేరు, తుంగభద్ర డ్రెయిన్లు తవ్వింది ముంపు నీరు పోవడానికి. వీటి మీద 1960ల మధ్యలో మిత్రా కమిటీ నివేదిక ఇచ్చింది, 1968లో డ్రైనేజీ సెస్సు చట్టమే వచ్చింది. రైతు సెస్సు కట్టాడు. డ్రెయిన్లు మాత్రం గుర్రపుడెక్కతో మూసుకుపోయాయి. పైనుంచి మంచినీరు తగ్గిన ఏడాది సముద్రపు పోటు డ్రెయిన్లలో మైళ్ల దూరం ఎగదన్నుతుంది. అప్పుడు ఇంజను తోడేది ఉప్పు నీరే. వరి ఆకు కొసలు ఎర్రబారితే రైతు నీళ్లు చేత్తో తీసి నాలుక మీద వేసుకుని చూస్తాడు. అట్లా చవుడు తేలిన పొలాలే 1990ల నుంచి రొయ్యల చెరువులయ్యాయి. రేపల్లె, నిజాంపట్నం వైపు ఒక చెరువు వస్తే పక్క చేను ఉప్పుతో చస్తుంది, రెండేళ్లకు అదీ చెరువవుతుంది.

కాలవ ఆగిపోయిన తర్వాత వాడరేవు దాకా ఇసుక నేల. ఇక్కడికి ఆనకట్ట నీరు ఏనాడూ సరిగా రాలేదు. అయినా కూరగాయలు, పూలు, వేరుశనగ, నారు మొక్కలు పండాయి. దొరువు వల్ల. ఇసుకలో ఆరేడు అడుగుల గుంట తవ్వుతారు, ఒక వైపు దిగడానికి ఏటవాలు బాట. వాన నీరు ఉప్పు నీటి కన్నా తేలిక కాబట్టి దాని మీద పలచని పొరలా తేలుతూ ఉంటుంది. దొరువులోకి ఊరేది ఆ పొరే. బోరు దించి ఆశగా లాగితే కింద నుంచి ఉప్పు పైకి తన్నుకొస్తుంది. బాపట్లలోని ఉప్పు నీటి పరిశోధన కేంద్రం వాళ్లు దొరువునే మెరుగుపరిచారు. ఇసుక లోపల అడ్డంగా చిల్లుల పైపులు పరిచి, మంచినీటి పొరను మెల్లగా ఒక బావిలోకి రాబట్టి, స్ప్రింక్లర్లకు ఇచ్చారు.

పోయిన వేసవిలో, కాలవలు కట్టేసిన రోజుల్లో, వాడరేవు దారిలో ఒక దొరువు దగ్గర ఆగాను. ఒకామె చిల్లుల మూతి ఉన్న రెండు డబ్బాలు చెరో చేత్తో ముంచుకుని, వెనక్కి నడుస్తూ తోటకూర మళ్ల మీద ఒకేసారి చల్లుతోంది. పది పన్నెండు విడతలకు దొరువు అడుగంటింది. డబ్బాలు గట్టున పెట్టి తాటి నీడలో కూర్చుంది. "ఇంకా సగం మళ్లున్నాయి కదమ్మా" అన్నాను. "ఊరనీయండి బాబూ, ఓ గంట పట్టుద్ది" అని కొంగుతో మొహం తుడుచుకుంది. ఇసుక అంచుల నుంచి నీటి చెమ్మ మెల్లగా జారి గుంట మధ్యకు చేరుతోంది.