గోధుమల వెలతో వెలసిన గ్రంథాలయము

ఒక విద్యాసంస్థ పుట్టుపూర్వోత్తరములను విచారింపబూనినవాడు సాధారణముగా శంకుస్థాపన శిలతో మొదలుపెట్టును. కాని హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణలో 1964లో నెలకొనిన అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటరు కథ చెప్పవలెనన్న, రేషను దుకాణము ముందటి వరుసతో మొదలుపెట్టుట న్యాయము. ఆ వరుసలో నిలిచి, బియ్యపు వాటా తరిగినందుకు విసుగుకొనుచు, ఎర్రని అమెరికా గోధుమలను సంచిలో పోయించుకొని, అన్నము తిను ఇంట వానినేమి చేయవలెనో తోచక పిండిమరకు నడచిన గృహిణికి, ఆ గోధుమల వెలలో ఒకింత కాలక్రమమున ఎమర్సనుగాను, ఫాక్‌నరుగాను మారి తార్నాకకు చేరువనే అలమరలకెక్కునని ఎవరును చెప్పియుండరు.

ఆ మార్పు జరిగిన తీరు విచిత్రమైనది. అమెరికా రైతుల గిడ్డంగులలో ధాన్యము మిగిలిపోయి కుప్పలు పడుచుండిన కాలమున, 1954 జూలై 10వ తేదీన అధ్యక్షుడు ఐసెన్‌హోవరు సంతకము చేసిన 480వ సంఖ్యగల చట్టము, ఆ మిగులును డాలర్లు లేని దేశములకు వారి వారి నాణెములకే విక్రయించుటకు వీలు కల్పించినది. 1956 ఆగస్టులో మన ప్రభుత్వము తొలి ఒడంబడిక చేసికొనెను. ఓడలలో గోధుమలు వచ్చినవి. ఖాతాలో రూపాయలు జమపడినవి. ఆ రూపాయలు అమెరికావే యైనను ఈ దేశమున తప్ప మరియొకచోట చెల్లవు గనుక, వానిలో అధికభాగము మనకే అప్పుగాను, సాయముగాను మరల వచ్చుచుండగా, తక్కినది వారి రాయబార కార్యాలయపు ఖర్చులకును, విద్యావ్యాసంగములకును విడిగా ఉంచబడెను. ఎంత వెచ్చించినను ఆ నిధి తరుగలేదు. తుదకు 1974 ఫిబ్రవరిలో రాయబారి మొయినిహాన్ 1,664 కోట్ల రూపాయలకు ఒకే చెక్కు వ్రాసి మన ప్రభుత్వము చేతికిచ్చెను. అంత పెద్ద చెక్కు లోకమున అంతకుముందు ఎవరును వ్రాసి యెరుగరని నాడు చెప్పుకొనిరి. వయ్యారిభామ యను కలుపుమొక్క సైతము ఆ గోధుమ బస్తాలలోనే ఈ దేశమునకు దిగినదని జనప్రవాదము కలదు. దాని నిజానిజములు వృక్షశాస్త్రజ్ఞులకు విడిచిపెట్టుదము. పేరు మాత్రము మనవారు ముచ్చటగా పెట్టిరి.

ఈ ధనము రెండు దిక్కుల పుస్తకములను నడిపించినది. మొదటి ప్రయాణము ఇక్కడినుండి అక్కడికి. పరదేశములను ఒక్కొక్క ప్రాంతముగా విడదీసి, ఆ ప్రాంతపు భాష, చరిత్ర, రాజకీయము, ఆచారములను ఒక్కచోట చేర్చి బోధించు పద్ధతి అమెరికాలో రెండవ ప్రపంచయుద్ధపు అక్కర నుండి బలపడినది. ఏ ద్వీపమున ఏ భాష మాటలాడుదురో తెలియక తడబడిన సైన్యము విశ్వవిద్యాలయముల తలుపు తట్టినప్పుడు ఆ విద్యకు గిరాకి పుట్టెను. 1948లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున సంస్కృతపండితుడు నార్మన్ బ్రౌన్ దక్షిణాసియా అధ్యయనశాఖను నెలకొల్పెను. 1957 అక్టోబరులో రష్యావారి స్పుత్నిక్ ఆకాశమున తిరుగనారంభించుటతో అమెరికావారికి దిగులు పుట్టి, మరుసటి యేడే జాతీయ రక్షణ విద్యాచట్టము చేసి, విదేశీభాషల బోధనకు ధారాళముగా ధనమిచ్చిరి. నన్నయ తిక్కనల భాషకు రక్షణచట్టముతో పని యేమని మన పండితులు నవ్వుకొందురేమో గాని, ఆ నీడనే తెలుగునకు అక్కడ పీట దొరకినది. ఢిల్లీలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసు కార్యాలయము 480వ చట్టపు రూపాయలతో మన భాషలన్నిటి పుస్తకములను పలు ప్రతులుగా కొని, అక్కడి విశ్వవిద్యాలయములకు పంపసాగెను. ఇక్కడ అద్దె పుస్తకముల దుకాణములో అట్టలు చినిగి మాయమైన నవలలు కొన్ని అక్కడి అలమరలలో గట్టి బైండుతో పదిలముగా నిలిచినవి. 1971లో వెల్చేరు నారాయణరావుగారు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున అధ్యాపకులై చేరునాటికి, తెలుగు పుస్తకములు ఆయనకంటె ముందే సముద్రము దాటియుండెను.

రెండవ ప్రయాణము అక్కడినుండి ఇక్కడికి. 1950 ఫిబ్రవరిలో నెహ్రూ ప్రభుత్వము అమెరికాతో చేసికొనిన ఫుల్‌బ్రైటు ఒడంబడిక ఫలముగా పుట్టిన విద్యాప్రతిష్ఠానము, మన ఆచార్యులను కొందరిని అక్కడికి పంపి చదివించినది. కాని తిరిగివచ్చినవారికి ఇక్కడ చదువుకొనుటకు పుస్తకములు లేకుండెను. ఇంగ్లీషు శాఖ యనగా షేక్‌స్పియరు, మిల్టను, వర్డ్స్‌వర్తు అని రూఢియై యుండిన దినములవి. అమెరికావారికిని సాహిత్యమొకటి కలదని ఒప్పించుటయే ఒక ఉద్యమమై యుండెను. దేశమంతటి పరిశోధకులకు ఒక్కచోట గ్రంథములు దొరకవలెనను తలంపునుండియే, ఆ గోధుమల రూపాయల ఊతతో, ఈ హైదరాబాదు కేంద్రము పుట్టినది. ఉత్తర దక్షిణములకు నడుమ నుండుటయు, విశాలమైన ఆవరణ గల విశ్వవిద్యాలయము చోటిచ్చుటయు హైదరాబాదునకు అనుకూలించినవని నా తలంపు. డి.ఎస్. రెడ్డిగారు ఆ విశ్వవిద్యాలయపు ఉపకులపతిగా నుండిన కాలమది.

పరదేశపు గ్రంథములకు చోటిచ్చు పని ఆ నేలకు క్రొత్తది కాదు. 1917లోనే నిజాము ప్రభుత్వము దారుల్ తర్జుమా అను అనువాద కార్యాలయమును నెలకొల్పి, మౌల్వీ అబ్దుల్ హక్‌గారి నాయకత్వమున, గణితము మొదలు వైద్యము వరకు పాశ్చాత్యుల గ్రంథములను ఉర్దూలోనికి తెప్పించి, ఆ బలముతో ఉస్మానియాను దేశభాషలో బోధించు విశ్వవిద్యాలయముగా నిలిపెను. పారిభాషికపదము ఒక్కటి తేల్చుటకై పండితులు గంటలకొలది వాదులాడిన చోటు అది. 1948 తరువాత ఉర్దూ తొలగి ఇంగ్లీషు వచ్చెను. ఆ పిమ్మట అమెరికా పుస్తకములు అనువాదపు అక్కర లేకుండ, అట్ట చెదరకుండ వచ్చి దిగినవి. మొదటిది కష్టము, రెండవది సుఖము. ఈ రెంటి నడుమ ఆ ఊరి పరిసరములలో అధికసంఖ్యాకులు పలుకు తెలుగునకు రెండుమార్లును పిలుపు రాలేదన్న సంగతి నాకు అప్పుడప్పుడు ముల్లువలె తగులును.

కేంద్రము మాత్రము తన పని శ్రద్ధతో చేసినది. యూటా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు విలియం మల్డర్ తొలిదశకమున డైరెక్టరుగా నుండెను. స్కాండినేవియానుండి యూటాకు తరలిన మోర్మను వలసదారుల చరిత్ర వ్రాసిన ఆయనకు, పరదేశమున కాపురము పెట్టుట యననేమో బాగుగ తెలియును. 1969నుండి ఇండియన్ జర్నల్ ఆఫ్ అమెరికన్ స్టడీస్ అను పత్రిక వెలువడెను. గ్రంథములు క్రమముగా లక్ష దాటినవి. ఆసియాలో ఇట్టి సంచయము మరియొకటి అరుదని పేరు వచ్చినది. ఏ చిన్నపట్టణపు కళాశాలలోనో పాఠము చెప్పుకొను ఉపన్యాసకుడు, కొన్ని వారములకు వేతనము మంజూరై, పరుపుచుట్టతో రైలు దిగి ఇక్కడికి వచ్చునపుడు, అతని మొదటి ఆశ్చర్యము పుస్తకము గాదు, తాళము లేని అలమర. తమ కళాశాలలో చీటి వ్రాసియిచ్చి, అటెండరు దయకై కిటికీ వద్ద నిలిచిన అలవాటు గల చేయి, ఇక్కడ స్వయముగా పుస్తకము తీయుటకు కొంచెము జంకెడిది. పిదప కార్డులు కొని, ఉదయమునుండి సాయంకాలము వరకు సిరా వ్రేళ్ళకంటునట్లు ఎత్తివ్రాసికొనుటయే పని. ఆ కార్డుల కట్టయే సిద్ధాంతగ్రంథమై, సిద్ధాంతగ్రంథమే పదోన్నతియై ఫలించెడిది.

అయితే ఆ సిద్ధాంతగ్రంథములు దేనిని గూర్చి? మెల్విల్లు, హెమింగ్వే, ఓనీల్ నాటకములు. ఆచార్య డి.వి.కె. రాఘవాచార్యులుగారు 1965లో ప్రకటించిన ఓనీల్ విమర్శ వంటి గట్టి గ్రంథములు తెలుగువారి చేతినుండియే వచ్చినవి. కాని అమెరికావారు మనలను ప్రాంతముగా చదివినట్లు, మన కులములను, ఎన్నికలను, పంటలను లెక్కగట్టినట్లు, మనవారు అమెరికాను చదువలేదు. చరిత్రకారులు, రాజనీతిజ్ఞులు ఇక్కడికి రాకపోలేదు గాని సింహభాగము సాహిత్యమునదే. 1966 క్షామకాలమున అధ్యక్షుడు జాన్సన్ గోధుమ ఓడలను నెలనెలకు లెక్కించి వదలుచుండగా, ఆ లెక్క వెనుకనున్న కాన్సాసు రైతు ఎవరో, అతని ఓటు బలమెంతో శోధింపవలసిన గ్రంథశాల, ఆ గోధుమల వెలతోనే నిలిచి, మెల్విల్లు నవలలోని తెల్లతిమింగలపు అంతరార్థమును శోధించినది. 1971 డిసెంబరులో, బంగ్లాదేశ యుద్ధసమయమున, అమెరికా యుద్ధనౌక ఎంటర్‌ప్రైజు బంగాళాఖాతమునకు వచ్చినప్పుడైనను మనకు ఈ లోపము తోచియుండవలసినది.

ప్రచ్ఛన్నయుద్ధము ముగిసిన పిదప అమెరికావారి ఆదరము సన్నగిల్లెను. పోటీదారు లేనప్పుడు ప్రచారమునకు పైకమేల? 1990ల చివర ఈ కేంద్రము ఇండో అమెరికన్ సెంటర్ ఫర్ ఇంటర్నేషనల్ స్టడీస్ అని పేరు మార్చుకొని, అమెరికా చదువునకు అంతర్జాతీయ వ్యవహారములను జోడించెను. అటుపిమ్మట విశ్వవిద్యాలయమే దానిని చేపట్టగా ఉస్మానియా యూనివర్సిటీ సెంటర్ ఫర్ ఇంటర్నేషనల్ ప్రోగ్రామ్స్ అయినది. మూడు పేర్లకును పలకలు మారినవి గాని, ఆ అలమరల నడుమ యౌవనము గడపిన నా తరమువారిని దారి యడిగిన, ఇప్పటికిని ఏ.ఎస్.ఆర్.సి. ఎక్కడనో చూపింతురే గాని తక్కిన రెండింటిని ఎరుగనట్లే మొగము పెట్టుదురు.