కుళాయి నీళ్ళు చెప్పిన గుండె రహస్యం



రోజూ నీళ్ళు కాచే గిన్నె అడుగు ఒకసారి చూడండి. కొన్నాళ్ళకి తెల్లగా, గరుగ్గా ఒక పొర కడుతుంది. పీచు పెట్టి ఎంత తోమినా ఒక పట్టాన వదలదు. చింతపండు వేసి నానబెడితే గాని లొంగదు. అది నీళ్ళలో ఉన్న సున్నం. అందులోని ముఖ్యమైన ధాతువునే కాల్షియం అంటారు. మనం విసుక్కుంటూ గీకి పారేసే ఆ పదార్థమే, మన గుండె కొట్టుకునే ప్రతిసారీ దానికి “ఊఁ, ముడుచుకో” అని ఆజ్ఞ ఇస్తుందంటే నమ్ముతారా? ఈ సంగతి మొదట బయటపడింది ఒక పొరపాటు వల్ల. ఆ పొరపాటుని దాచుకోకుండా నలుగురిలో ఒప్పుకున్న ఒక డాక్టరుగారి కథ ఇది.

ఆయన పేరు సిడ్నీ రింగర్. 1835లో ఇంగ్లండులోని నారిచ్ పట్టణంలో పుట్టారు. 1854లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో వైద్యవిద్యార్థిగా చేరారు. 1900లో పదవీ విరమణ చేసేదాకా ఆ కాలేజీనీ, దాని ఆసుపత్రినీ అంటిపెట్టుకునే ఉన్నారు. ఏ మందు శరీరంలో ఏం చేస్తుందన్నది ఆయన పాఠం చెప్పిన విషయం. 1869లో ఆయన రాసిన చికిత్సా గ్రంథం ఎన్నోసార్లు ముద్రణ పొందింది. అయితే ఆయన ప్రాణమంతా ప్రయోగశాలలోనే ఉండేది. పొద్దున్నే వార్డులకి వెళ్ళేముందు ఒకసారి, రోగుల్ని చూడడం అయ్యాక మరోసారి అక్కడికి పరుగెత్తేవారు. వంటకీ వడ్డనకీ మధ్య దొరికిన కాస్త వ్యవధిలో పుస్తకం తెరిచే మనకి ఆ అవస్థ తెలియనిది కాదు.

ఆయన పట్టుకున్న ప్రశ్న చూడ్డానికి చిన్నదే. రక్తంలో ఉండే ఏ పదార్థం గుండెని కొట్టుకునేలా చేస్తోంది? కప్ప గుండెని శరీరం నుంచి వేరుచేసినా, తగిన ద్రవం అందిస్తూ ఉంటే అది కొంతసేపు కొట్టుకుంటూనే ఉంటుంది. రింగర్ గారు రక్తానికి బదులు నూటికి ముప్పాతిక పాలు ఉప్పు కలిపిన నీళ్ళు ఇచ్చి చూశారు. గుండె చక్కగా కొట్టుకుంది. ఇంకేం, ఉప్పు నీళ్ళే చాలునన్నమాట! 1882లో ఆ ఫలితాలు శరీరధర్మ శాస్త్ర పత్రికలో అచ్చయ్యాయి.

తీరా అచ్చయ్యాక అసలు సంగతి తెలిసింది. ఆ ఉప్పునీళ్ళు కలిపింది స్వేదన జలంతో, అంటే ఆవిరిపట్టి చల్లార్చిన శుద్ధమైన నీళ్ళతో కాదు. న్యూ రివర్ వాటర్ కంపెనీ వారి మామూలు కుళాయి నీళ్ళతో! ప్రయోగశాలలో ఫీల్డర్ అని ఒక కుర్రాడు పనిచేసేవాడు. ఆవిరిపట్టే శ్రమంతా దేనికి, డాక్టరుగారికి తేడా తెలుస్తుందా ఏమిటి అనుకుని కుళాయి తిప్పేశాడట. పెద్దవాడయ్యాక అతనే ఈ సంగతి హెన్రీ డేల్ అనే శాస్త్రవేత్తకి చెప్పుకున్నాడు.

రింగర్ గారు మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి నిజంగా స్వేదన జలమే వాడారు. గుండె క్రమంగా నీరసించింది, కాసేపటికి ఆగిపోయింది. అయితే కుళాయి నీళ్ళలో ఉన్నదేమిటి? పరీక్షిస్తే పది లక్షల పాళ్ళ నీటిలో సుమారు 38 పాళ్ళు కాల్షియం తేలింది. ఆగిన గుండెకి ఉప్పునీళ్ళతోపాటు చిటికెడులో చిటికెడు కాల్షియం లవణం అందించగానే అది మళ్ళీ కొట్టుకోసాగింది! అక్కడితో కథ అయిపోలేదు. కాల్షియం ఒక్కటే అయితే గుండె ముడుచుకుని సరిగా వదులు కాలేదు. పొటాషియం కలిపాక లయ కుదిరింది. పొటాషియం మితిమీరితే మాత్రం గుండె చల్లబడిపోయింది. పులుసులో ఉప్పు, పులుపు, కారం దేని పాళ్ళలో అది ఉంటేనే రుచి కుదిరినట్టు, ఇక్కడ ప్రాణమే పాళ్ళ మీద నిలిచిందన్నమాట.

1883లో ఆయన మరో వ్యాసం ప్రకటించారు. దాని మొదట్లోనే, వెనకటి వ్యాసంలో వాడింది కుళాయి నీళ్ళని ఉన్నదున్నట్టు రాసేశారు. అప్పటికి ఆయన పేరున్న డాక్టరు, పెద్ద ఆచార్యులు. నౌకరు తప్పని కసిరి ఊరుకోవచ్చు. పాత ఫలితాల ఊసెత్తకుండా కొత్తవి మాత్రం చెప్పుకోవచ్చు. ఆ రెండూ చేయలేదు. అలా చేసి ఉంటే కాల్షియం సంగతి ఇంకెన్నాళ్ళు మరుగున పడి ఉండేదో!

నిజానికి ఒప్పుకున్నా లోకం వెంటనే పట్టించుకోలేదు. చేతులు కాళ్ళలోని కండలు చుట్టూ ఉన్న ద్రవంలో కాల్షియం లేకపోయినా కాసేపు ముడుచుకుంటాయి. అందువల్ల ఇది గుండెకి సంబంధించిన వింత మాత్రమే అనుకున్నారు. ఆ కండలు తమకి కావలసిన కాల్షియాన్ని లోపలే గదుల్లో దాచుకుంటాయని అప్పటికి తెలియదు. 1947లో అమెరికాలో హైల్‌బ్రన్, వియర్సిన్‌స్కీ అనే ఇద్దరు కండరపు పోగులోకి నేరుగా కాల్షియం పంపితే పోగు ముడుచుకుంది. తరవాత టోక్యోలో సెట్సురో ఎబాషి అనే ఔషధ శాస్త్రవేత్త పట్టుబట్టి, కాల్షియమే కండరానికి సంకేతమని నిరూపించారు. మొదట్లో పెద్దపెద్దవాళ్ళు ఆయన మాట నమ్మలేదు. ఆయన పక్కన నిలిచి ప్రయోగాలు చేసి, వ్యాసాల మీద పేరు పంచుకున్న ఆవిడ ఆయన భార్య ఫుమికో ఎబాషి. ఈ ముక్క మనం ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. 1965 నాటికి, కండరంలో కాల్షియం వచ్చి అతుక్కునే ట్రోపోనిన్ అనే మాంసకృత్తు కూడా దొరికింది.

ఇంతకీ ఆ సంకేతం ఎలా నడుస్తుంది? మన ఒంట్లోని ప్రతి కణానికీ ఒక పలచటి గోడ ఉంటుంది. గోడ బయట కాల్షియం లోపలికంటే సుమారు పదివేల రెట్లు ఎక్కువ. గోడలో సన్నని ద్వారాలున్నాయి. గుండె కణంలో విద్యుత్తు కదలగానే తలుపు తెరుచుకుంటుంది, కాస్త కాల్షియం లోపలికి వస్తుంది. అది లోపలి గదుల్లోని కాల్షియాన్ని కూడా బయటికి పిలుస్తుంది. కండ ముడుచుకుంటుంది. పని కాగానే దాన్ని మళ్ళీ తోడి పంపేస్తారు. ఆ తోడకానికి కావలసిన శక్తి ఏ.టి.పి. అనే పదార్థంలోంచి వస్తుంది. దాన్ని 1929లో హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి వెల్లడించినవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే! జర్మనీలో లోమన్ కూడా అదే ఏడు కనుగొన్నారు. ఇక ఒక్కొక్క ద్వారంలోంచి పారే విద్యుత్తుని విడిగా కొలిచే పద్ధతి 1976లో నెహర్, సక్‌మన్ అనేవారు చూపించారు. వారికి 1991లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ శాస్త్రమంతా మనకెందుకంటారా? ఇంట్లో పెద్దవాళ్ళ మందుల డబ్బా తీసి చూడండి. రక్తపోటుకి వేసుకునే ఆమ్లోడిపిన్ బిళ్ళ ఆ కాల్షియం ద్వారాలని కాస్త మూసి, రక్తనాళాలు బిగుసుకోకుండా చూస్తుంది. ఈ జాతి మందులకి దారి చూపినది 1960లలో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో పనిచేసిన ఫ్లెకెన్‌స్టైన్ గారు. కొన్ని మందులు ఇస్తే గుండె కాల్షియం తీసేసినట్టే నీరసించడం, మళ్ళీ కాల్షియం ఇస్తే తేరుకోవడం ఆయన గమనించారు. రింగర్ గారి కప్ప గుండె ఎనభై ఏళ్ళకి ఇలా మందుబిళ్ళ అయింది. ఒక్క మాట, తల తిరుగుడు తగ్గింది గదా అని ఆ బిళ్ళ మీ అంతట మీరు మానేయకండి. డాక్టరుని అడిగే ఏదైనా చేయాలి.

ఆసుపత్రిలో ఎవరికైనా సీసా ఎక్కిస్తున్నప్పుడు దాని మీది పేరు కూడా చదవండి. “రింగర్ లాక్టేట్” అని ఉంటుంది. రింగర్ గారి ద్రవానికి 1930లలో హార్ట్‌మన్ అనే అమెరికన్ పిల్లల డాక్టరు లాక్టేట్ జోడించారు. ఆ సీసాలో సోడియం, పొటాషియం, కాల్షియం ఇప్పటికీ పాళ్ళ ప్రకారమే ఉన్నాయి.

రింగర్ గారు 1910లో యార్క్‌షైర్‌లోని లాస్టింగ్‌హామ్ అనే పల్లెలో కన్నుమూశారు. ఇంట్లో పిల్లలు తప్పుచేసి వచ్చి చెబితే మనం ముందు కేకలేస్తాం. చెప్పినందుకు మెచ్చుకోవడం తరవాత గాని గుర్తురాదు. ఆ రెండోది ముందు చేయడం అలవాటైతే బాగుండునని ఈ కథ చదివాక నాకనిపించింది.