సీసాలో పెరుగు, కోర్టులో సాక్ష్యం

సాక్ష్యం అనగానే మనకి కత్తో, సంతకమో, మన వృత్తి కాబట్టి సర్వర్లో లాగ్ ఫైలో గుర్తొస్తుంది. పదేళ్ళు పక్కన పెట్టినా వాటికి పెద్దగా ఏమీ కాదు. మరి సాక్ష్యం పెరుగైతే? మన ఆహార కల్తీ చట్టాల చరిత్ర చాలావరకు ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగిందని నా అభిప్రాయం.

1954లో పార్లమెంటు ఆహార కల్తీ నిరోధక చట్టం చేసింది. ఫుడ్ ఇన్‌స్పెక్టర్ డబ్బిచ్చి శాంపిల్ తీసుకోవచ్చు. కల్తీ అనిపించిన సరుకుని జప్తు చేసి పట్టుకెళ్ళొచ్చు, లేదా దుకాణదారు దగ్గరే భద్రంగా ఉంచమనొచ్చు. ఊరికే వేధించడానికి జప్తు చేస్తే మాత్రం జరిమానా ఇన్‌స్పెక్టర్‌కే.

శాంపిల్‌ని మూడు భాగాలు చేసి సీలు వెయ్యాలి. ఒకటి దుకాణదారుకి, ఒకటి పబ్లిక్ ఎనలిస్టుకి, మూడోది ఇన్‌స్పెక్టర్ దగ్గర. ఎనలిస్టు రిపోర్టు తప్పని నిందితుడు అనుకుంటే తన భాగాన్ని సెంట్రల్ ఫుడ్ లేబొరేటరీకి పంపమని కోర్టుని అడగొచ్చు. అక్కడి సర్టిఫికెట్టే ఫైనల్. అంటే రెండు బ్యాకప్‌లు, పైన ఒక అప్పీలు అన్నమాట. డిజైన్ బాగానే ఉంది కానీ, ఈ బ్యాకప్‌లు పులిసిపోతాయి!

అందుకే 1955 నాటి రూల్స్‌లో పాలు, పెరుగు శాంపిళ్ళలో 25 మిల్లీలీటర్లకి రెండు చుక్కల చొప్పున ఫార్మలిన్ కలపమన్నారు. అమ్మే పాలల్లో కలిపితే నేరమైన విషమే, సాక్ష్యంలో తప్పనిసరి మందు. అదైనా కొన్నాళ్ళే కాపాడుతుంది.

ఢిల్లీలో 1961 సెప్టెంబర్‌లో ఒక దుకాణంలో పెరుగు శాంపిల్ తీశారు. ఎనలిస్టు రిపోర్టు త్వరగానే వచ్చింది. కానీ మునిసిపల్ కార్పొరేషన్ కేసు వేసింది మాత్రం 1962 మేలో. దుకాణదారు తన భాగాన్ని పరీక్షకి పంపించుకుంటే, బాగా కుళ్ళిపోయింది, పరీక్ష చెయ్యలేమని సెంట్రల్ లేబొరేటరీ చెప్పింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మందు కలిపిన పెరుగు మామూలు గదిలో సుమారు నాలుగు నెలలు, ఫ్రిజ్‌లో ఆరు నెలలు పరీక్షకి పనికొస్తుందన్న లెక్క కోర్టు ముందుకొచ్చింది. ఆలస్యం మీది, దాంతో పోయింది అతని హక్కు, కాబట్టి శిక్ష కుదరదని కోర్టు కార్పొరేషన్ అప్పీలు కొట్టేసింది. 1971లో మరో కేసులో దీనికొక హద్దు గీసింది. పరీక్షకి పంపమని అసలు అడగనే అడగని వాడు, నా హక్కు పోయిందని తర్వాత గోల పెట్టకూడదు.

1976లో చట్టం సవరించారు. దుకాణదారుకి ఇచ్చే సీసా ఆగిపోయింది. రెండు బ్యాకప్‌లూ స్థానిక ఆరోగ్యాధికారి దగ్గరికి వెళ్ళాయి. రిపోర్టు కాపీ అందిన పది రోజుల్లో నిందితుడు కోర్టుని అడగాలి. అంటే సీసా ప్రభుత్వం చేతిలో, గడియారం పౌరుడి నెత్తిన.

2006లో చేసిన ఆహార భద్రతా ప్రమాణాల చట్టం 2011 ఆగస్టులో పాత చట్టం స్థానంలోకి వచ్చింది. ఇప్పుడు శాంపిల్ నాలుగు భాగాలు. వ్యాపారి కోరితే నాలుగోది తన ఖర్చుతో గుర్తింపు పొందిన ల్యాబ్‌కి పంపించుకోవచ్చు. ఎనలిస్టు 14 రోజుల్లో రిపోర్టివ్వాలి. అన్యాయంగా జప్తు చేసిన అధికారికి లక్ష రూపాయల దాకా జరిమానా. బాగుంది కదూ? కానీ కేసు విచారణకి తీసుకోడానికి గడువు ఏడాది. కారణం రాసిపెడితే మూడేళ్ళ దాకా పొడిగించొచ్చు. పెరుగుకి నెలలు, ఫైలుకి సంవత్సరాలు!

"టెక్నికల్ గ్రౌండ్స్ మీద తప్పించుకున్నాడు" అని పేపర్లో చదివినప్పుడు మనకి ఒళ్ళు మండుతుంది. కానీ ఆలోచించండి.. సీసా కుళ్ళితే కల్తీ చేసినవాడు బయటపడతాడు, చెయ్యనివాడికి అది నిరూపించుకునే దారి మూసుకుపోతుంది. ఆ పాలు తాగిన పిల్లాడికి ఎలాగూ న్యాయం జరగదు. ఈ మూడు నష్టాలకీ మూలం ఒక్కటే, కదలని ఫైలు. శిక్షలు పెంచమని అడిగేముందు, ఫ్రిజ్‌లూ, ల్యాబ్‌లూ, సీసా పాడయ్యేలోపు ముగిసే గడువులూ అడుగుదాం. ఏమంటారు?