పాత పికప్ బండ్లు – వాటి చరిత్ర, పునరుద్ధరణ

పాతబడిన బండికి సాధారణముగా రెండే గతులు. పాత ఇనుము కొనువాని తూకమునకు పోవుట ఒకటి. పొలముగట్టున చెట్టుక్రింద నిలిచి, తుప్పుపట్టి మట్టిలో కలియుట రెండవది. షోకు కార్లను యజమానులు షెడ్డులలో భద్రముగా దాచుకొనిరి. బరువులు మోసిన బండ్లను దాచినవారు బహు తక్కువ. అందుచేత లక్షలకొలది తయారైనను, పూర్వరూపముతో మిగిలిన పికప్ బండ్లు కొద్దియే. అట్టివాటిని వెదకి, బాగుచేసి, మరల నడిపించు పనిని నేడు అమెరికాలోను, ఇతర దేశములలోను అనేకులు చేపట్టుచున్నారు. ఇది కేవలము ధనవంతుల వినోదమని తలచరాదు. ఇందు చరిత్ర కలదు. మన ఉన్నత పాఠశాలలలో బోధించు భౌతిక, రసాయన శాస్త్రములును కలవు.

పికప్ బండి పుట్టుకకు మూలము ఫోర్డు కంపెనీ 1908లో విడుదల చేసిన 'మోడల్ టి' కారు. అప్పుడు దాని ధర 850 డాలర్లు. 1913లో హైలాండ్ పార్కు కర్మాగారమున బండి కదలుచుండగా పనివారు నిలిచినచోటనే నిలిచి భాగములను కూర్చు పద్ధతి మొదలైనది. అంతవరకు ఒక్కొక్క చాసిస్ కూర్పునకు పన్నెండు గంటలకు పైగా పట్టుచుండగా, మరుసటి సంవత్సరమునకే అది సుమారు గంటన్నరకు దిగినది. ధర తగ్గిన కొలది రైతులును కార్లు కొనసాగిరి. వారు కారు వెనుకభాగమును ఊడదీసి, కొయ్యపెట్టె నొకదానిని బిగించి, ధాన్యము, పాలక్యానులు, పనిముట్లు అందులో వేసికొని సంతకు పోవుచుండిరి. చిన్న బండిలో సరకు మోయవలెనను కోరిక మొదట పొలములో పుట్టినది. కర్మాగారము దానిని తరువాత అందుకొన్నది. 1917లో ఒక టన్ను బరువు మోయగల 'మోడల్ టిటి' చాసిస్ వచ్చినది. 1925 ఏప్రిల్ 15వ తేదీన, ఫ్యాక్టరీలోనే ఉక్కుతొట్టి అమర్చిన పికప్ బండిని ఫోర్డు 281 డాలర్ల ధరకు విడుదల చేసెను. తొట్టి పొడవు 56 అంగుళములు, వెడల్పు 40 అంగుళములకు కొంచెము ఎక్కువ. మొదటి ఏటనే సుమారు 34 వేల బండ్లు అమ్ముడుపోయినవి.

ఆ బండి నిర్మాణము చాలా సులభమైనది. నాలుగు సిలిండర్ల ఇంజను. శక్తి 20 అశ్వశక్తులు. మొదటి కొన్ని బండ్లను మినహాయించినచో, ఇంజనును చల్లబరచు నీటికి పంపు లేదు. వేడెక్కిన నీరు తేలికయై పైకి పోవును, రేడియేటరులో చల్లబడిన నీరు బరువై క్రిందికి దిగును. తరగతిలో గాజుగొట్టముతో మనము చూపు సంవహనమే అక్కడ పంపు పని చేయును. పెట్రోలుకును పంపు లేదు. సీటు క్రిందనున్న ట్యాంకునుండి అది గురుత్వాకర్షణచేతనే ఇంజనుకు ప్రవహించును. ట్యాంకులో పెట్రోలు తక్కువగానున్నప్పుడు నిటారు గుట్ట ఎక్కవలసివచ్చినచో, ట్యాంకు ఇంజనుకన్న క్రిందికి పోయి ప్రవాహము ఆగును. అప్పుడు డ్రైవరు బండిని త్రిప్పి, వెనుకకు నడుపుచు గుట్ట ఎక్కెడివాడు!

రెండవ ప్రపంచయుద్ధానంతరము పికప్ రూపము మారినది. 1947లో షెవ్రొలే కంపెనీ 'అడ్వాన్స్ డిజైన్' బండ్లను, 1948లో ఫోర్డు 'ఎఫ్-1'ను విడుదల చేసిరి. నేడు పునరుద్ధరణ చేయువారిలో చాలమంది ఎన్నుకొనునవి ఈ కాలపు బండ్లే. ఈ కంపెనీలు మనకు క్రొత్తవి కావు. షెవ్రొలే తయారుచేయు జనరల్ మోటార్స్ సంస్థ 1928లో బొంబాయిలో కూర్పు కర్మాగారము స్థాపించి, 1954 వరకు నడిపెను.

పునరుద్ధరణ చేయువాని మొదటి శత్రువు తుప్పు. ఇనుము, నీరు, ఆమ్లజని కలిసినప్పుడు తుప్పు ఏర్పడును. అల్యూమినియముపై ఏర్పడు ఆక్సైడు పొర లోహమును కాపాడును. ఇనుముపై ఏర్పడు తుప్పు గుల్లగానుండి, తేమను లోపలికి పోనిచ్చును. పైగా అది ఇనుముకన్న చాల ఎక్కువ స్థలము ఆక్రమించుటచే, అతుకుల మధ్య చేరి రేకులను విడదీయును. తలుపుల అడుగుభాగము, క్యాబిను మూలలు మొదలైన బురద నిలుచు తావులే ముందుగా పోవును.

తుప్పును గీకి తీయవచ్చును, ఆమ్లముతోను తీయవచ్చును. కాని ఆమ్లము తుప్పుతోపాటు మంచి ఇనుమునుకూడ తినును. చిన్న భాగములకు విద్యుద్విశ్లేషణము మేలైన పద్ధతి. నీటిలో చాకలిసోడా కరిగించి, తుప్పుపట్టిన భాగమును ఋణధ్రువముగాను, పనికిరాని ఇనుపముక్కను ధనధ్రువముగాను ఉంచి, ఏకముఖ విద్యుత్తును పంపవలెను. తుప్పులో కొంత క్షయకరణము చెందును. ఉదజని బుడగలు మిగిలినదానిని వదులుచేయును. ఒక పాత తలుపుబందుతో ఈ ప్రయోగమును పాఠశాలలో ఉపాధ్యాయుడు చేసి చూపవచ్చును. అయితే ఉదజని మండు వాయువు కనుక గది కిటికీలు తెరచియుండవలెను, దగ్గర నిప్పు ఉండరాదు. ధనధ్రువముగా స్టెయిన్‌లెస్ స్టీలు వాడరాదు. దానినుండి విషకరములైన క్రోమియము సమ్మేళనములు పుట్టును.

తరువాతది బేరింగుల సమస్య. ఇరుసు తిరుగుచోట మెత్తని మిశ్రలోహము పోయుట 1839లో ఐజక్ బాబిట్ కనిపెట్టిన ఉపాయము. అందు తగరము ముఖ్యము. అంటిమొని, రాగి కొద్దిగా కలియును. షెవ్రొలే వారి 216 ఘనపుటంగుళముల ఇంజనులో కనెక్టింగు రాడ్డులకు ఈ లోహమును కరిగించి పోసెడివారు. అది అరిగినచో, నేటి బేరింగువలె దుకాణములో కొని బిగించుటకు వీలులేదు. మరల పోసి, తరచి, కొలతకు తేవలెను. ఆ పని తెలిసిన చేతులు నానాటికి తగ్గుచున్నవి. పుస్తకములో ఉష్ణోగ్రత వ్రాసియుండవచ్చును. లోహము పోతకు వచ్చినదని రంగుచూచి చెప్పు నేర్పు మాత్రము పనివానితోనే పోవును.

విద్యుత్తు విషయములో విద్యార్థులు గమనింపవలసిన సంగతి ఒకటి కలదు. 1950 దశాబ్దము మధ్యవరకు ఈ బండ్లలో 6 వోల్టుల బ్యాటరీ ఉండెడిది. 36 వాట్ల దీపమునకు 12 వోల్టులలో 3 ఆంపియర్లు చాలును. 6 వోల్టులలో 6 ఆంపియర్లు కావలెను. తీగ నిరోధము 0.1 ఓము అయినచో, తీగలో వేడిగా వృథాయగు శక్తి మొదటి సందర్భమున 0.9 వాట్లు, రెండవదానిలో 3.6 వాట్లు, అనగా నాలుగురెట్లు. కనుకనే పాత బండ్లకు లావుపాటి తీగలు వేసిరి. ఇది తెలియక సన్నని క్రొత్త తీగలు వేసినవారు దీపములు మసకగానున్నవని, స్టార్టరు మెల్లగా తిరుగుచున్నదని బ్యాటరీని నిందింతురు. తప్పు బ్యాటరీది కాదు.

నిర్వహణలో ఇంధనముకూడ చిక్కు తెచ్చును. పూర్వము పెట్రోలులో కలిపిన సీసము వాల్వుల పీటలను అరుగుదలనుండి కాపాడెడిది. అది మనుష్యుల మెదడుకు, ముఖ్యముగా పిల్లలకు హానికరమగుటచే క్రమముగా నిషేధింపబడి, 2021లో అల్జీరియా మానుటతో ప్రపంచమంతటను రోడ్డు వాహనములకు దాని అమ్మకము ముగిసినది. అందుచేత ఇంజను విప్పినప్పుడు గట్టి ఉక్కుపీటలు అమర్చుట మంచిది. నేటి పెట్రోలులో కలుపు ఇథనాలు తేమను పీల్చును, పాత రబ్బరు గొట్టములను పాడుచేయును, వాటినికూడ మార్చవలెను. పాత రంగులో సీసము, పాత బ్రేకు లైనింగులో రాతినార ఉండవచ్చును. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకము. దానిని గాలితో ఊదరాదు, పొడిగా గీకరాదు.

ఇక అసలు చిక్కు ప్రశ్నకు వత్తము. 1947 నాటి బండి బ్రేకులు ఒకే ద్రవమార్గముతో నాలుగు చక్రములకును పనిచేయును. ఎక్కడనైనను గొట్టము చిల్లిపడెనా, నాలుగు బ్రేకులును ఒక్కసారిగా పోవును. తరువాతి కాలమున ముందు చక్రములకు, వెనుక చక్రములకు వేరువేరు మార్గములు ఏర్పరచిరి. పాత బండిని బాగుచేయువాడు పాత పద్ధతినే ఉంచవలెనా? ఉంచినచో చరిత్ర నిలుచును. కాని ఎదుట రోడ్డు దాటు పిల్లవానికి చరిత్రతో పనిలేదు. మార్చినచో ప్రాణము దక్కును. కాని ఇట్లే ఒక్కొక్కటి మార్చుచు పోయిన, తుదకు పాత బండి పేరుతో క్రొత్త బండి మిగులును. రోడ్డుపై నడచు బండికి ప్రాణరక్షణయే ముందు. అయితే చేసిన మార్పు మరల తీయుటకు వీలుగా ఉండవలెను, చాసిస్‌ను కోయరాదు, తీసిన భాగమును పారవేయక, చీటికట్టి దాచవలెను, చేసినదెల్ల పుస్తకములో వ్రాయవలెను. అప్పుడు భద్రతయు చెడదు, సాక్ష్యమును చెడదు.

మన దేశములో 2021లో కేంద్రప్రభుత్వము మోటారు వాహన నిబంధనలను సవరించి, 50 ఏండ్లు దాటి, మూలరూపములో నున్న ద్విచక్ర, చతుశ్చక్ర వాహనములకు ప్రత్యేక రిజిస్ట్రేషను ఏర్పరచెను. అట్టి వాహనములను ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, మరమ్మతుకు తీసికొనిపోవచ్చును. నిత్యమును తిప్పుటకు, వ్యాపారమునకు వాడుటకు వీలులేదు. మూలరూపమునకు చట్టములోకూడ విలువ కలిగినదన్నమాట.

మీ ఊరిలో ఏ రైసుమిల్లు వెనుకనో ఇట్టి బండి నిలిచియున్నచో, సొంతదారుని అనుమతితో విద్యార్థులను అక్కడికి తీసికొనిపొండు. తుప్పు తుడువకముందే ఫోటోలు తీయుడు. చాసిస్ సంఖ్యను వ్రాసికొనుడు. దానిని నడిపిన డ్రైవరుగాని, మరమ్మతు చేసిన మేస్త్రీగాని సజీవులై యున్నచో, వారు చెప్పునది పూర్తిగా వ్రాసికొనుడు. బండిని పదేండ్ల తరువాతనైనను బాగుచేయవచ్చును. ఆ మేస్త్రీ మాటను మాత్రము నేడే వ్రాసికొనవలెను.