ఒక ప్రశ్నకు ప్రతిపదార్థం

మూలం: "నా కోపం తగ్గించుకోడానికి దగ్గర్లో మంచి థెరపిస్టు ఎవరైనా ఉన్నారా?"

స్నేహితులనో, ఫ్యామిలీ డాక్టరునో పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. అడిగినవాళ్లు జవాబుగా ఒక ఫోన్ నంబరు ఆశిస్తారు. నంబరు చేతికొచ్చేలోగా ఈ ఒక్క వాక్యంలోనే తేల్చుకోవలసినవి చాలా ఉన్నాయి. పదాల వరుస మార్చి అన్వయించుకునే హక్కు వ్యాఖ్యాతకు ఎప్పుడూ ఉంది కాబట్టి, చివరివైపు ఉన్న మాటతో మొదలుపెడతాను.

థెరపిస్టు: బోర్డు మీద ఈ మాట రాసుకోవడానికి మన దగ్గర ఎవరి అనుమతీ అక్కర్లేకుండానే ఏళ్లు గడిచాయి. అందుకని ఆ మాటను వదిలేసి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న డిగ్రీ చూడాలి. సైకియాట్రిస్టు అంటే ఎం.బి.బి.ఎస్. తర్వాత మానసిక వైద్యంలో ఎం.డి.గానీ, డి.పి.ఎం.గానీ, డి.ఎన్.బి.గానీ చేసిన డాక్టరు. మందులు రాయగలిగేది ఈయనే. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. పరీక్షలు చేసి, వారం వారం కూర్చోబెట్టి, మాటలతో చికిత్స చేస్తారు. వీరు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు చదివి, ఆ సంస్థ రిజిస్టరులో నమోదై ఉండాలి. 1992 నాటి చట్టంతో వచ్చిన ఏర్పాటు ఇది. రిజిస్ట్రేషన్ నంబరు అడగడం అమర్యాదేమీ కాదు. అడిగినందుకే నొచ్చుకునే మనిషి ముందు కూర్చుని మన కోపం సంగతి చెప్పుకోవడం ఎలాగూ కుదరదు.

కౌన్సెలర్ల సంగతి కలగాపులగం. సైకాలజీలో ఎం.ఎస్సీ. చేసి శ్రద్ధగా పనిచేసేవారున్నారు, నాలుగు రోజుల సర్టిఫికెట్ కోర్సుతో గది అద్దెకు తీసుకున్నవారూ ఉన్నారు. అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం 2021లో వచ్చిన జాతీయ కమిషన్ చట్టం కౌన్సెలర్లను కూడా తన పరిధిలోకి తెచ్చింది. అది క్షేత్రంలో పూర్తిగా కుదురుకునేదాకా విచారించుకునే బాధ్యత మనదే. ఒక్క సిటింగులో కోపం పోగొడతామనే ప్రకటనల జోలికి వెళ్లకపోవడం మేలు.

ముందు ఎవరి దగ్గరికి? కోపంతో పాటు నిద్ర పట్టకపోవడం, తాగుడు, దేనిమీదా మనసు నిలవకపోవడం ఉంటే సైకియాట్రిస్టు దగ్గరికే. థైరాయిడ్ అతిగా పనిచేసినా చిరాకు పెరుగుతుంది, దానికి రక్తపరీక్ష చాలు. డిప్రెషన్ కూడా, ముఖ్యంగా మగవాళ్లలో, దిగులుగా కాక రుసరుసగా బయటపడుతూ ఉంటుంది. ఇవేమీ లేవనుకుంటే నేరుగా క్లినికల్ సైకాలజిస్టును కలవొచ్చు.

కోపం: కోపం దానంతటది జబ్బు కాదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన మానసిక రోగాల వర్గీకరణ గ్రంథం డీఎస్ఎం-5లో ఆ పేరుతో రోగమేమీ లేదు. దగ్గరగా వచ్చేది ఇంటర్మిటెంట్ ఎక్స్‌ప్లోజివ్ డిజార్డర్. సగటున వారానికి రెండుసార్లు చొప్పున మూడు నెలలపాటు తిట్లూ రభసా సాగడంగానీ, ఏడాదిలో మూడుసార్లు వస్తువులు పగలగొట్టడమో ఒకరిని గాయపరచడమో జరగడంగానీ దాని కొలత. ఆ విరుచుకుపడటం కారణానికి మించి ఉండాలి, ముందే అనుకుని చేసినది కాకూడదు. చాలామంది కోపం ఈ కొలతకు అందదు. అయినా ఇల్లు నరకం కావడానికి ఆ కొలత అందుకోనక్కర్లేదు.

"నాకు కోపం ఎక్కువండీ" అని ఊరుకుంటే ఎదుటివారికి తెలిసేది శూన్యం. ఒకే ఒక్క సంఘటన చెప్పాలి. ట్రాఫిక్ ఈదుకుంటూ రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరారు, పిల్లవాడు లెక్కల పుస్తకం తీయనేలేదు, భార్య "రాగానే మొదలెట్టకండి" అంది. అప్పుడు ఒంట్లో ఏమైంది? నోట్లోంచి ఏం మాట వచ్చింది? అదే రోజు మధ్యాహ్నం మేనేజరు నలుగురిలో కసిరినప్పుడు ఆ కోపం ఎక్కడికి పోయింది? ఈ చివరి ప్రశ్న అడిగే థెరపిస్టును వదులుకోకండి.

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మనకు కోపం తెలుగులో వస్తుంది. "ఏమండీ" అన్న ఆవిడను "ఏమే" అనడం, పుట్టింటివాళ్లను లాగడం, పిల్లవాడిని ఫలానా బాబాయితో పోల్చడం, ఈ గాయాలన్నీ మాటల్లోనే ఉన్నాయి. వాటిని ఇంగ్లీషులో చెప్పుకుంటే ఉతికి ఆరేసిన బట్టల్లా మరకల్లేకుండా కనిపిస్తాయి. హైదరాబాద్ క్లినిక్కుల్లో ఇంగ్లీషు మామూలైపోయింది కనుక, తెలుగులో మాట్లాడతారా అని ముందే కనుక్కోవాలి. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇది ఇంకా అవసరం.

తగ్గించుకోడానికి: అమెరికన్ సైకాలజిస్టు రేమండ్ నోవాకో 1975లో కోపానికంటూ ఒక చికిత్సాక్రమం రాశారు. కోపం రగిలే సందర్భాలనూ అప్పుడు వచ్చే ఆలోచనలనూ గుర్తించడం, ఒంటిని సడలించడం నేర్చుకోవడం, చిన్న సందర్భాల నుంచి పెద్దవాటి దాకా థెరపిస్టు ఎదుట సాధన చేయడం అందులోని మెట్లు. కోపానికి సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) పేరుతో ఇప్పుడు జరిగేదానిలో చాలా భాగం ఈ దారిదే. 1998లో బెక్, ఫెర్నాండెజ్ అనే పరిశోధకులు ఈ తరహా చికిత్స మీద 1,640 మంది పాల్గొన్న 50 అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. చికిత్స పొందిన సగటు మనిషి, పొందనివారిలో 76 శాతం మంది కన్నా మెరుగ్గా ఉన్నట్టు తేలింది. మరీ అద్భుతం కాకపోయినా తీసిపారేసే ఫలితమైతే కాదు.

లోపలిది కక్కేస్తే తేలికవుతుందన్నది మనవాళ్లకు గట్టి నమ్మకం. పరిశోధన అందుకు ఎదురు చెబుతోంది. 154 అధ్యయనాలను సమీక్షించి 2024లో వెలువడిన ఒక పత్రం ప్రకారం, ఒంట్లో వేడి దించే శ్వాస, ధ్యానం, కండరాల సడలింపు కోపాన్ని తగ్గిస్తాయి. పరుగెత్తడం లాంటి ఒంటిని వేడెక్కించే పనులు ఆ పని చేయవు. దిండు గుద్దమనే థెరపిస్టును ఎందుకని అడగండి.

దగ్గర్లో: వారం వారం వెళ్లాల్సిన చికిత్సకు దూరం చిన్న అడ్డంకి కాదు. ప్రభుత్వం వైపు హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల, విశాఖలో చినవాల్తేరు ఆసుపత్రి ఉన్నాయి. ఎర్రగడ్డ అన్న ప్రాంతం పేరునే తిట్టుగా వాడుకున్న తరం మనది. అక్కడి ఔట్ పేషెంట్ విభాగంలో చీటీ రాయించుకోవడానికి వెనుకాడేది కూడా మనమే. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివారికి 2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ ఉంది. 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. వీడియో సిటింగులు సౌకర్యమే గానీ, రెండు గదుల ఫ్లాటులో గోడ అవతల కుటుంబం ఉండగా నోరు పెగలదు. కారులో కూర్చుని మాట్లాడేవాళ్లు అందుకే ఉన్నారు.

మంచి: హస్తవాసి అనే మాటకు ఇక్కడ ఒక లెక్క ఉంది. సైకాలజిస్టు ఎడ్వర్డ్ బోర్డిన్ 1979లో, థెరపిస్టుకూ వచ్చినవారికీ మధ్య కుదిరే పొత్తును మూడుగా విడదీశారు: ఇద్దరూ ఒకే గమ్యం అనుకోవడం, చేయాల్సిన పని మీద ఒప్పుదల, ఇద్దరి మధ్య నమ్మిక. రెండు మూడు సిటింగులయ్యాక ఈ మూడూ ఉన్నాయో లేదో మీకే తెలుస్తుంది. లేకపోతే ఇంకొకరిని చూసుకోవడంలో మొహమాటం అక్కర్లేదు. చెప్పినవి గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అంటుంది. ఇతరులకు హాని జరగకుండా ఆపాల్సి వచ్చినప్పుడు మినహాయింపు ఉంటుంది. మొదటిరోజే ఈ సంగతి వివరించి చెప్పేవారైతే మంచి గుర్తు.

నా: చిన్న మాటే గానీ చాలాసార్లు ఇది తప్పుగా పడుతుంది. అడిగేది భార్య, కోపం భర్తది. రానని మొండికేసిన మనిషికి చికిత్స చేయడం ఎవరివల్లా కాదు. కాకపోతే ఆవిడ ఒక్కతే వెళ్లి మాట్లాడుకోవచ్చు. ఆ ఇంట్లో చేయి లేస్తూ ఉంటే మాత్రం ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టే కౌన్సెలింగ్‌కు ఒప్పుకోకూడదు. గదిలో ఆవిడ చెప్పిన నిజానికి రాత్రి ఇంట్లో దెబ్బలు పడొచ్చు. అప్పుడు ముందు అందుకోవలసినవి 181 మహిళా హెల్ప్‌లైను, 2005 గృహహింస చట్టం కింద ప్రతి జిల్లాలో ఉండే ప్రొటెక్షన్ ఆఫీసరు. ఆయన చికిత్స ఆ తర్వాత, విడిగా, ఆయన నోటితో ఆయన అడిగినప్పుడు.