చెన్నపట్టణపు బ్రతికిన కాలేజీ

తెలుగు జిల్లాలు మద్రాసు రాజధానిలో నున్న కాలమున, పల్లెలనుండి పట్నము పోయినవారు రెండు ‘కాలేజీలు’ చూడక మరలెడివారు కారు. కూరిన తోళ్లు, ఎముకలు గల మ్యూజియము చచ్చిన కాలేజీ. జంతుశాల బ్రతికిన కాలేజీ. 1851లో మ్యూజియము మొదట ఒక కాలేజీ మేడలోనే వెలసినది గనుక కాబోలు, ఆ పేరు నిలిచినది.

దాని అధిపతి ఎడ్వర్డు బాల్ఫరు వృత్తిచే వైద్యుడు. ప్రాణమున్న మృగమును చూచుటకే జనము విరగబడుచుండుట గమనించి, కర్ణాటక నవాబు జంతువులను కోరి తెచ్చి, 1855లో జంతుశాల నెలకొల్పెను. తరువాత అది పీపుల్స్ పార్కునకు మారెను. సెంట్రల్ స్టేషను వచ్చిన పిమ్మట, రైలు దిగినవానికి అది కూతవేటు దూరమే.

చిరుతను, ఎలుగును మనవారెరుగరని కాదు. పొలిమేరలో ఎదురైనపుడు పరుగెత్తినవారే గాని నిలిచి చూచినవారెవరు? మచ్చల తీరు, నడక సొగసు కటకటాల ముందే తెలిసినవి. 1909లో మెరీనా ఒడ్డున మత్స్యశాల తెరచినపుడును అంతే. గంపలో చచ్చిన చేపకు బేరమాడుటయే ఎరిగినవారు, అద్దము వెనుక అది ఈదుట చూచిరి. దేశమున అట్టి శాలలలో అదియే మొదటిది.

1942లో జపాను దాడి భయము పట్నమును పట్టెను. బాంబులకు బోనులు విరిగి మృగములు వీధుల పడునని శంకించి, అధికారులు పులులను, సింహములను, చిరుతలను కాల్పించిరి. శత్రువు పట్నమున అడుగిడనే లేదు. బ్రతికిన కాలేజీ యను ముద్దుపేరు పక్కన ఆ తుపాకుల మోతను తలచుట నాకు కష్టముగా నుండును. మత్స్యశాలయు ఆ యేడే మూతపడి, మరల పూర్వపు వైభవము నెరుగలేదు. జంతుశాల మాత్రము క్రమముగా నిండి, 1985లో వండలూరునకు తరలెను.