ముర్రుపాలు – శాస్త్రము, ఆచారము

శిశువునకు స్తనంధయుఁడని పేరు. ధేట్ ధాతువునకు పానమర్థము. ఆ పాన మెప్పు డారంభింపవలెననుటయందు ప్రాచీనులే భిన్నమతులు. స్తన్యము మూఁడునాలుగు రాత్రులకుఁ బ్రవర్తించునని సుశ్రుతసంహిత యందాఁక మధుఘృతములను విధించెను. చరకసంహిత మధుఘృతప్రాశనానంతరమే దక్షిణస్తనము నొసఁగుమనెను. ముర్రుపాలు చెడ్డవని పిండి పాఱఁబోయు నాచారము తెలుఁగు పల్లెలఁ బెక్కింట నుండెను. నేఁటి వైద్యము స్తన్యారంభవిషయమునఁ జరకునకే చేరువ: పుట్టిన గంటలోపలనే శిశువునకుఁ జన్నియ్యవలెను. రోగములఁ ద్రోయు శక్తి ముర్రుపాలయందుఁ గలదు. ఆఱుమాసములు చనుబాలే చాలును. తేనెయు నీరును గూడవు. ఈ యంశమున నుభయసంహితలును విడువఁదగినవే.

2016లో నాలుగు జిల్లాలుగా విభక్తమైన ఆదిలాబాదు మండలమునఁ దెలుఁగు, గోండీ, మరాఠీ, ఉర్దూ గృహభాషలు. బాలింతకు హితవు ఆమె యింటిభాషలో, అమ్మయు నత్తయు వినునట్లు, మెల్లఁగాఁ జెప్పినఁగాని శాస్త్రము శిశువు నోటికిఁ జేరదు.